ఉమ్మి ఎవరి మొహాన పడింది?

ధర్మవరం దగ్గర ఒక పల్లె. ఊరి పేరు రాయడం లేదు. ఆ పిల్లవాడు రేపు కూడా ఆ ఊళ్ళోనే బతకాలి.

మాదిగవాడ పిల్లవాడు. డిగ్రీ చదివాడు. బెంగుళూరులో పని చేసుకుంటూ పండక్కి ఇంటికొచ్చాడు. తెల్ల చొక్కా వేసుకుని, కంతుల మీద కొన్న మోటారు బండెక్కి రచ్చకట్ట ముందు నుంచి పోతున్నాడు. నలుగురు ఆపారు. "ఏం దొరా, యాడికి పోతాండావు సవారీ?" అన్నారు. ఒకడు నడుం వంచి దండం పెట్టాడు. ఇంకొకడు భుజం మీది తువ్వాలు తీసి వాడి తలకు పాగా చుట్టాడు. "దొరకు దారి ఇడవండ్రా" అని కేకేశాడు. తర్వాత చెప్పులు విప్పించి చేతికిచ్చారు. ఇంజను ఆపించి, బండిని వాడదాకా తోయించారు. రచ్చకట్ట మీది పెద్దమనుషులు కడుపుబ్బ నవ్వారు. ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. "ఊరికే తమాషాకప్పా" అన్నారు.

ఆ రాత్రి ఆ పిల్లవాడు అన్నం తినలేదు. తెల్లారి చర్చి అయ్యగారి దగ్గరికి పోయాడు. అయ్యగారు మంచి మనిషే. తల నిమిరి, "యేసయ్య ఇంతకన్నా ఎక్కువ పడినాడు నాయనా. నోరు తెరవలేదు. నువ్వూ ఓర్చుకో" అన్నాడు.

ఆ పిల్లవాడు మా దగ్గరికొచ్చి అడిగిన ప్రశ్న ఒకటే: "యేసయ్య అంత పడింది, నేను ఇది పడాలనేనా అన్నా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన బాధ్యత ఉద్యమానికీ ఉంది, చర్చికీ ఉంది. రాయలసీమలో దళితవాడల్లోకి బైబిలు వచ్చి నూరేళ్ళు దాటింది. బళ్ళారి, కడప, గుత్తి, అనంతపురం కేంద్రాలుగా లండన్ మిషన్ వాళ్ళు 19వ శతాబ్దంలోనే పని చేశారు. ఇవాళ మనవాళ్ళలో ఎందరో ఆ పుస్తకం చదువుతారు. చదవనివాళ్ళు వింటారు. కాబట్టి ఆ పుస్తకంలో ఎగతాళి గురించి అసలేముందో మనమే విప్పి చూద్దాం. నమ్మినవాళ్ళూ చూడొచ్చు, నమ్మనివాళ్ళూ చూడొచ్చు.

మత్తయి సువార్త 27వ అధ్యాయం, మార్కు సువార్త 15వ అధ్యాయం తీయండి. శిక్ష ఖరారైంది. ఇక సిలువ వేయడమే తరువాయి. అయినా సైనికులు ఊరుకోలేదు. దళం దళాన్నంతా పోగు చేశారు. ఆయన బట్టలు విప్పి రంగు వస్త్రం కప్పారు. ముళ్ళు అల్లి కిరీటమని తలకు పెట్టారు. రాజదండమని చేతిలో ఒక రెల్లు పుల్ల పెట్టారు. మోకాళ్ళ మీద పడి రాజుకు చేసినట్టు దండాలు పెట్టారు. మొహాన ఉమ్మేశారు. ఆ రెల్లుతోనే తల మీద కొట్టారు. ఆట అయిపోయాక కప్పిన వస్త్రం లాక్కుని, ఆయన బట్టలు ఆయనకు తొడిగి, చంపడానికి తీసుకుపోయారు.

తువ్వాలు పాగా చుట్టడం, వంగి దండం పెట్టడం, దొరా అని పిలవడం. ధర్మవరం దగ్గరి రచ్చకట్ట మీద జరిగింది ఇదే ఆట. రెండు వేల ఏళ్ళ దూరం ఉంది, వేల మైళ్ళ దూరం ఉంది. ఆట మాత్రం ఒకటే.

చంపాలనుకుంటే మేకులు చాలు. మరి ఈ ఆట ఎందుకు? చూసేవాళ్ళ కోసం. "నువ్వు రాజునంటావా? నీ రాజ్యం ఇదీ" అని ఆయన ఒక్కడికే చెప్పడం లేదు, ఊరందరికీ చెబుతున్నారు. రచ్చకట్ట దగ్గర కూడా అంతే. ఆ పిల్లవాడి ఒక్కడి చొక్కా మీద కోపం కాదు అది. రేపు వాడలో ఇంకొకడు తెల్ల చొక్కా వేసుకుంటాడే, ఇంకొకడు బండి కొంటాడే, వాడు ఇప్పుడే భయపడాలి. కర్ర ఒక మనిషి వీపు మీద పడుతుంది. ఎగతాళి వాడ మొత్తం మీద పడుతుంది. ఖర్చు లేని కాపలా అది.

సిలువ ఎలాంటి శిక్షో కూడా తెలుసుకోవాలి. రోమా రాజ్యంలో అది ముఖ్యంగా బానిసలకూ తిరుగుబాటుదార్లకూ వేసే శిక్ష. క్రీస్తుపూర్వం 71లో స్పార్టకస్ నడిపిన బానిసల తిరుగుబాటును అణిచాక, పట్టుబడిన 6,000 మందిని కాపువా నుంచి రోము దాకా రోడ్డు వెంబడి సిలువలు వేశారు. ఏ గుట్ట చాటునో కాదు, దారిన పోయే వాళ్ళందరూ చూసేట్టు వేశారు. ప్రాణం తీయడంతో పాటు పరువు తీయడం ఆ శిక్షలో సగం పని. పెద్ద కులాల, పెద్ద ఇళ్ళ మనుషులకు మామూలుగా వేయని శిక్ష అది.

ఆ ఒక్క రోజే కాదు, ఆయన బతికినంత కాలం పడ్డ మాటలు చూడండి. నజరేతు నుంచి మంచిదేదైనా వస్తుందా అన్నారు. అది ఊరును బట్టి ఎగతాళి. వీడు ఆ వడ్రంగి కాదా అన్నారు. అది చేతి పనిని బట్టి. పుట్టుక గురించి దెప్పారు. సమరయుడివి, దయ్యం పట్టినవాడివి అని తిట్టారు. సమరయులంటే యూదులు మైలగా చూసిన జనం. వాళ్ళతో పొత్తు ఉండేది కాదు. అంటే అది కులం పేరు పెట్టి తిట్టిన తిట్టే.

ఇవన్నీ మనకు కొత్తా? పెనుకొండ పక్కనైనా, హిందూపురం పక్కనైనా మన ఊళ్ళో మాట వినండి. అరవై ఏళ్ళ మాదిగ ముసలాయన్ను పన్నెండేళ్ళ దొర కొడుకు 'రా' అంటాడు. అబ్రహాం అని బాప్తిస్మంలో పెట్టుకున్న పేరు ఊళ్ళోకొచ్చేసరికి 'అబ్బరాముగాడు' అవుతుంది. చెనక్కాయ చేలో కలుపు తీసే మన తల్లులకు అసలు పేరే ఉండదు, 'ఒసే' తప్ప. తెలుగులో 'గారు' అనే మాట ఎక్కడ ఆగిపోతుందో చూస్తే ఊరికీ వాడకూ మధ్య గీత ఎక్కడుందో తెలిసిపోతుంది. ఆ గీత గీసింది గోడతో కాదు, నాలికతో.

కొందరు అంటారు, "మాటలే కదప్పా, మాటలకు ఒళ్ళు నొస్తుందా?" అని. మాటల తర్వాత ఏమొస్తుందో మన రాష్ట్రం రెండుసార్లు చూసింది.

1985 జూలైలో ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగలు తాగే చెరువు నీళ్ళలో బర్రెల కుడితి బకెట్టు కడిగారు. 'మీరు తాగేది మా కుడితే' అని చెప్పినట్టే కదా అది! వద్దన్నందుకు కొట్టబోతే సువార్త అనే తల్లి నీళ్ళ బిందె ఎత్తి అడ్డుకుంది. దళిత స్త్రీ బిందె ఎత్తడమే నేరమైపోయింది. మర్నాడు, జూలై 17న, ఊరు కదిలి వాడ మీద పడింది. ఆరుగురిని చంపారు, ఆడవాళ్ళను చెరిచారు. 1991లో గుంటూరు జిల్లా చుండూరులో మొదలైంది సినిమా హాల్లో. చదువుకున్న దళిత యువకుడి కాలు అగ్రకులం వాడికి తగిలిందట. దానికి సాంఘిక బహిష్కరణ పెట్టారు. ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి, గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది.

ముందు నవ్వు, వెనక కర్ర. సువార్తల్లోనూ అదే వరస: ముందు ముళ్ళ కిరీటం, వెనక సిలువ. మనిషిని మనిషి కాకుండా చేశాకే చంపడం సులువవుతుంది. ఎగతాళి అనేది తమాషా కాదు, హత్యకు ముందు వేసే దుక్కి.

ఇప్పుడు అయ్యగారి మాటకొద్దాం. యేసు నోరు తెరవలేదన్నాడు. నిజమేనా?

యెషయా గ్రంథం 53వ అధ్యాయంలో నోరు తెరవని గొర్రె పోలిక ఉంది. ఆ ఒక్క మాట పట్టుకునే మనకు ఓర్పు పాఠం చెబుతుంటారు. కానీ యోహాను సువార్త 18వ అధ్యాయం చూడండి. ప్రధాన యాజకుడి ముందు విచారణ జరుగుతోంది. ఆయన చెప్పిన జవాబు నచ్చక పక్కనున్న బంట్రోతు ఒకడు చెంప మీద కొట్టాడు. యేసు తల దించుకోలేదు. నేను తప్పు మాట్లాడి ఉంటే ఆ తప్పేమిటో రుజువు చెయ్యి, సరిగా మాట్లాడి ఉంటే నన్నెందుకు కొట్టావు అని సూటిగా అడిగాడు. చేతులు కట్టి ఉన్నా నోరు కట్టుకోలేదు. అది ఓర్పు పాఠమా? అది సాక్ష్యం అడగడం. కోర్టులో వకీలు అడిగే ప్రశ్న అది.

మరి హేరోదు ముందు మౌనంగా ఎందుకున్నాడు? లూకా చెబుతాడు: హేరోదు ఆయన చేత ఏదైనా గారడీ చేయించి చూడాలని సరదా పడ్డాడు. వాడి సరదా తీర్చడానికి ఆయన ఒప్పుకోలేదు, అంతే. భయంతో మూసుకున్న నోరు వేరు, నీ ఆటలో నేను బొమ్మను కానని మూసుకున్న నోరు వేరు. మన పెద్దల మౌనంలో ఈ రెండూ ఉన్నాయి. ఏది ఏదో పోల్చుకోవాలి.

ఇంకో చెంప చూపించమన్నాడు కదా అంటారు. మత్తయిలో అక్కడ 'కుడి చెంప' అని ప్రత్యేకంగా ఉంది. ఎదురుగా నిలబడ్డవాడి కుడి చెంప మీద కుడి చేత్తో కొట్టాలంటే చేతి వెనక వైపుతోనే కొట్టాలి. అది కొట్లాటలో వేసే దెబ్బ కాదు, యజమాని బానిసను కొట్టే దెబ్బ. వాల్టర్ వింక్ అనే అమెరికన్ పండితుడు ఇలా వివరించాడు: రెండో చెంప తిప్పడమంటే, బానిసను కొట్టినట్టు కొట్టావు, ఇప్పుడు సాటి మనిషిని కొట్టినట్టు కొట్టు చూద్దాం అని నిలబడడం. పండితులందరూ ఒప్పుకోకపోవచ్చు. కానీ దెబ్బలు తిన్న చెంపలకు ఆ అర్థం చప్పున ఎక్కుతుంది.

క్షమించాడు కదా అనేది ఆఖరి మాట. అవును, సిలువ మీద నుంచి క్షమించమని ప్రార్థించాడని లూకా రాశాడు. కానీ క్షమించాల్సింది తప్పునే కదా? తప్పే జరగలేదంటే క్షమాపణ దేనికి? క్షమించడం దెబ్బ తిన్నవాడి హక్కు. కొట్టినవాడు 'క్షమించెయ్' అని అడ్డం తిరగడానికి లేదు. కేసు పెట్టకుండా రాజీ చేసే పెద్దమనుషులకూ ఆ హక్కు లేదు, అయ్యగార్లకూ లేదు.

అపొస్తలుల కార్యాలు 16వ అధ్యాయం అయ్యగార్లు ఎక్కువగా చెప్పని కథ. ఫిలిప్పీ పట్టణంలో అధికారులు పౌలునూ సీలనూ విచారణ లేకుండా, అందరి ముందూ బట్టలు లాగేసి బెత్తాలతో కొట్టించి జైల్లో వేశారు. తెల్లవారాక, పొమ్మన్నామని చల్లగా కబురు పంపారు. మనవాళ్ళయితే బతికాం అనుకుని వెళ్ళేవాళ్ళం. పౌలు కదల్లేదు. మేం రోమా పౌరులం, నలుగురిలో కొట్టి ఇప్పుడు చాటుగా పంపుతారా, వాళ్ళే స్వయంగా వచ్చి మమ్మల్ని బయటికి తీసుకుపోవాలి అన్నాడు. అధికారులు భయపడ్డారు, వచ్చి బతిమాలుకున్నారు. అవమానం బజారులో జరిగితే మర్యాద కూడా బజారులోనే తిరిగి ఇవ్వాలి. చట్టం ఇచ్చిన హక్కును వాడుకోవడం విశ్వాసానికి తక్కువ కాదని ఆ కథ చెబుతోంది.

ఇక మేం చెప్పదలచిన అసలు మాట.

మనం అవమానపడితే ఏం చేస్తాం? దాస్తాం. నలుగురికీ తెలిస్తే పరువు పోతుందనుకుంటాం. ఆ పిల్లవాడి తల్లి కూడా, "ఎవురికీ చెప్పొద్దు నాయనా, నీకు పెళ్ళి కావాల" అంది. తప్పు చేసినవాడు రచ్చకట్ట మీద మీసం తిప్పుతాడు, తప్పు జరిగినవాడు ఇంట్లో తలుపేసుకుంటాడు. అంటే సిగ్గును మనం తప్పు చిరునామాకు తీసుకుపోతున్నాం.

సువార్తలు రాసినవాళ్ళు దాయగలిగి ఉండేవాళ్ళు. మా రాజు మొహాన ఉమ్మేశారు, బట్టలు విప్పారు, బానిసల చావు చంపారు అని ఏ భక్తుడైనా చెప్పుకుంటాడా? ఆ కాలానికి అంతకన్నా తలవంపులు లేవు. కానీ నలుగురికి నలుగురూ సిలువనూ ఎగతాళినీ దాయకుండా రాశారు. ఎవరు కొట్టారు, ఏ వస్త్రం కప్పారు, ఏ పుల్లతో కొట్టారు, దారిన పోయేవాళ్ళు తలలూపుతూ ఏమన్నారు, అన్నీ రాశారు. ఆ అధ్యాయాలు మా కంటికి ఓర్పు పాఠంలా కనిపించవు. ఫిర్యాదు కాగితంలా కనిపిస్తాయి. సిగ్గు పడాల్సింది ఉమ్మినవాడు, ఉమ్మి పడ్డవాడు కాదు అని తేల్చి చెప్పిన కాగితం అది. ఆయన ఆ అవమానాన్ని లెక్కచేయలేదని హెబ్రీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయం చెబుతుంది. సిగ్గు తనది కాదని తెలిసినవాడే దాన్ని లెక్కచేయకుండా ఉండగలడు. ఆ ఉమ్మి చివరికి ఎవరి మొహాన పడిందో ఇవాళ లోకమంతటికీ తెలుసు.

రోము నగరంలో పాలటైన్ కొండ మీద చక్రవర్తి కొలువులో పనిచేసే కుర్రాళ్ళు ఉండే ఇల్లు ఒకటి తవ్వకాల్లో దొరికింది. దాని గోడ మీద ఒక పిచ్చిగీత 1857లో బయటపడింది. సిలువ మీద గాడిద తలకాయ ఉన్న మనిషి, పక్కన చెయ్యెత్తి మొక్కుతున్న కుర్రాడు. అలెక్సమెనోస్ తన దేవుడికి మొక్కుతున్నాడని కింద గీకి ఉంది. సుమారు 1,800 ఏళ్ళ కిందటిదని పండితుల అంచనా. తోటి కుర్రాళ్ళు చేసిన ఎగతాళి అది. అయితే దగ్గర్లోనే ఇంకో గదిలో అదే పేరు పక్కన 'నమ్మకస్తుడు' అనే మాట గీకి ఉంది. ఎవరు రాశారో చెప్పలేం. ఎగతాళికి జవాబు గోడ మీదే రాసిన చెయ్యి అదేమోనని మాకు అనిపిస్తుంది.

ఈ పని మనవాళ్ళూ చేశారు. బాబాసాహెబ్ అంబేద్కర్ తను పడ్డ అవమానాలను 'వీసా కోసం నిరీక్షణ' అనే చిన్న పుస్తకంలో ఒక్కొక్కటిగా రాసిపెట్టాడు. చిన్నప్పుడు గోరేగావ్ ప్రయాణంలో మహర్ పిల్లలని తెలిసి ఎవరూ బండి కట్టకపోతే, రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకుని, బండివాడు పక్కన నడుస్తూ రాగా పోయారు. విదేశాల్లో చదివి వచ్చాక బరోడాలో దిగిన సత్రం నుంచి కర్రలు పట్టుకుని వెళ్ళగొట్టారు. అంత పెద్ద మనిషి ఇవి దాచుకోలేదు. ఎందుకంటే అవి తన సిగ్గు కాదని ఆయనకు తెలుసు. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా పుట్టుక పేరుతో పడ్డ ఛీత్కారాలకు పద్యంతో జవాబు చెప్పాడు. ఆయన రాసిన 'క్రీస్తు చరిత్ర' 1964లో సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చుకుంది.

పేరు విషయం చూడండి. క్రైస్తవులు అనే పేరు అంతియొకయలో మొదట వచ్చింది. అది వాళ్ళు పెట్టుకున్నది కాదు, బయటివాళ్ళు దెప్పుతూ పెట్టిందని చాలామంది పండితులు అంటారు. వాళ్ళు దాన్నే నెత్తిన పెట్టుకున్నారు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మొదలయ్యాక, తిట్టుగా వాడిన 'మాదిగ' అనే మాటను మనవాళ్ళు పేరు చివర తగిలించుకుని సభల్లో చాటారు. ఆ రోజు నుంచి ఆ మాటతో తిట్టేవాడి నోరు కాస్త తడబడింది.

ఇక్కడ మనల్ని మనమూ అడుగుకోవాలి. మత్తయి, మార్కు ఒక చేదు నిజం రాశారు. పక్కన సిలువ వేయబడినవాళ్ళు కూడా యేసును ఎగతాళి చేశారట. మేకులు దిగినవాడే మేకులు దిగినవాణ్ణి చూసి నవ్వడం! లూకా మాత్రం ఒకడు తోటివాణ్ణి ఆపాడని, మనకూ ఇదే శిక్ష కదా అని గుర్తు చేశాడని రాశాడు. మాలవాడలో మాదిగ మీద వేసే జోకు ఏమిటి? మాదిగవాడలో డక్కలి మీద, చిందు మీద వేసే జోకు ఏమిటి? తాగొచ్చి భార్యను వాడ నడిమధ్య నిలబెట్టి తిట్టేవాడు ఏమిటి? ఊళ్ళోవాళ్ళు పెట్టిన ముళ్ళ కిరీటాన్ని తీసి ఇంట్లో ఆడదాని తలకు పెట్టడమే అది. చర్చిలో ముందు బెంచీ ఎవరిది, వెనక బెంచీ ఎవరిది? సమాధుల తోటలో గోడ ఎందుకుంది? సిలువ మీద రెండో దొంగ చేసిన పని మనలో ఎవరు చేస్తారు?

చట్టం సంగతి. 1989లో చేసిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1990 జనవరి 30 నుంచి అమల్లో ఉంది. 2015 సవరణ 2016 జనవరి 26 నుంచి అమలైంది. దాని మూడో సెక్షన్ చదివితే సువార్త చదివినట్టే ఉంటుంది. బట్టలు విప్పించడం, గుండు గీయించడం, మీసం తీయించడం, మొహానికి రంగు పూయడం, చెప్పుల దండ వేయడం, తాగకూడనిది తాగించడం, నలుగురు చూసే చోట అవమానించడం, కులం పేరుతో తిట్టడం. ఒక్కొక్కటీ నేరమే. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు. సైనికులు చేసిన పనుల జాబితా మన పార్లమెంటుకు ఎలా దొరికింది? మన ఊళ్ళ నుంచే దొరికింది. 2020 జూలైలో తూర్పు గోదావరి జిల్లా సీతానగరం పోలీస్ స్టేషన్లోనే ఒక దళిత యువకుడికి గుండు గీసి మీసం తీసేశారు. కాపాడాల్సిన చోటే ఆట ఆడారు.

చర్చికి పోయే దళితుడికి ఇంకో ఎగతాళి ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాడు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. చేర్చాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో చెప్పింది, ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2023 మార్చిలో తీర్మానం చేసింది. అయినా 2025లో మన హైకోర్టు ఒక పాస్టరు కేసులో, మతం మారినవాడికి అట్రాసిటీ చట్టం రక్షణ లేదని తీర్పిచ్చింది. ఊరు కులం అంగీ తొడుగుతుంది, కాగితం ఆ అంగీ విప్పేస్తుంది. సైనికులు చేసింది ఇదే. తొడిగిందీ వాళ్ళే, విప్పిందీ వాళ్ళే, మధ్యలో దెబ్బలు మాత్రం మనకు. బాప్తిస్మం నీళ్ళకు కులం పోయిందని కోర్టు అనవచ్చు. రచ్చకట్ట మీద కూచున్నవాడు ఎప్పుడైనా అన్నాడా?

కార్యకర్తలకు మా మాట ఇది. అవమానం జరిగిన రోజే రాసి పెట్టండి. ఏ తేదీ, ఏ చోటు, ఎవరు, ఏ మాట అన్నారు, ఎవరు చూశారు. తిట్టు బూతైనా సరే, ఉన్నది ఉన్నట్టే రాయండి. నాలుగు గోడల మధ్య, చూసినవాళ్ళు లేకుండా జరిగిన దూషణ ఈ సెక్షన్ కిందికి రాదని 2020లో సుప్రీంకోర్టు అంది. అందుకే చోటూ సాక్షులూ ప్రాణం. రాయడం రాకపోతే నోటితో చెప్పండి. పోలీసులు రాసుకుని, సంతకానికి ముందు చదివి వినిపించాలి, కాపీ ఇవ్వాలి. అది వాళ్ళ దయ కాదు, చట్టంలోని నాలుగో సెక్షన్. దర్యాప్తు డీఎస్పీ చేయాలి. స్టేషన్లో తీసుకోకపోతే పుట్టపర్తికి పోండి. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడ్డాక ఎస్పీ, కలెక్టరు ఇద్దరూ అక్కడే ఉన్నారు. చర్చికి పోయేవాళ్ళు ముందే వకీలును కలిసి మాట్లాడండి. అట్రాసిటీ చట్టం అడ్డం తిరిగినా, దారి ఆపడం, అవమానించాలని చెయ్యి వేయడం ఏ మనిషి మీద చేసినా నేరాలే.

అయ్యగార్లకు మా మనవి. శుభ శుక్రవారం నాడు ఏడు మాటలూ చెప్పండి. దానికి ముందు రాత్రి చెంపదెబ్బ తిని ఆయన అడిగిన ప్రశ్న కూడా చెప్పండి. ఓర్చుకోమని చెప్పడం తేలిక. ఆ పిల్లవాడితో పాటు స్టేషన్ మెట్లెక్కడం కష్టం. ఆ రోజు సిలువ దగ్గర నిలబడింది ఆడవాళ్ళూ, ఒకరిద్దరు శిష్యులూ. మిగతావాళ్ళు పారిపోయారు. పారిపోయినవాళ్ళు కూడా తర్వాత తిరిగొచ్చారు. దారి ఇంకా తెరిచే ఉంది.

ఆ పిల్లవాడికి మా జవాబు ఇదీ. తమ్ముడూ, ఆయన పడింది నువ్వు పడాలని కాదు. పడ్డవాడు తక్కువవాడు కాడని నీకు తెలియాలని. నీ తల మీద చుట్టిన ఆ తువ్వాలు నీ సిగ్గు కాదు. తీసి మడిచి దాచు. రేపు సాక్ష్యానికి పనికొస్తుంది. ఆ తెల్ల చొక్కా ఉతుక్కుని మళ్ళీ వేసుకో. బండి ఎక్కు. ఈసారి రచ్చకట్ట ముందు నువ్వు ఒక్కడివే పోవు. వాడంతా నీ వెనక నడుస్తుంది, మేమూ నడుస్తాం. ఆపితే ఆ ఒక్క ప్రశ్న అందరం కలిసి అడుగుదాం: మా తప్పేందో చెప్పు. లేదంటే ఎందుకు ఆపినావు?